ఓడల పనివాని పాట

నా చిన్ననాట విశాఖపట్టణమున గడియారము లేని ఇండ్లే ఎక్కువ. అయినను ఎవరికిని వేళ తప్పెడిది కాదు. రేవులో పనివేళను తెలుపు కూత వినబడగానే మా తండ్రి గావంచా భుజమున వేసికొని బయలుదేరెడివాడు. ఆయన రేవులో కళాసీ. పాతనగరములో, ఉప్పుగాలికి సున్నము రాలిపోవు గోడల నడుమ, మాది రెండు గదుల పెంకుటిల్లు. వీధి చివర నిలుచున్నచో డాల్ఫిన్స్ నోస్ కొండయు, దాని ప్రక్కగా రేవులోనికి వచ్చు ఓడల పొగగొట్టములును కనబడెడివి. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ మొట్టమొదట ఈ రేవున ప్రవేశించినదని పెద్దవాడనైన తరువాత పుస్తకములలో చదివితిని. మా తండ్రికి ఆ పేరు తెలియదు. ఆయనకు తెలిసినది బస్తా బరువు.

బరువెత్తునప్పుడు కళాసీలు పాడుదురు. ఒకడు మొదలుపెట్టును, పదిమంది అందుకొందురు. అందుకొన్న క్షణముననే పది భుజములు ఒక్కసారిగా లేచును. పాట తప్పినచో బరువు ఒకని మీదనే పడును. ఈ సంగతి మా తండ్రి నాకు చెప్పినప్పుడు నేను దానిని సంగీతమునకు సంబంధించిన సంగతిగా భావింపలేదు.

మా తల్లి విజయనగరము ప్రాంతపు పల్లెపడుచు. ‘లేదు’ అనుటకు ఆమె ‘నేదు’ అనెడిది. ‘ఏమి’ అనుటకు ‘ఏటి’ అనెడిది. ‘వెళ్ళుదము’ అనుటకు ‘ఎల్దాం’ అనెడిది. నేనును అట్లే మాటలాడుచు బడికి పోయితిని. మొదటి వారముననే గుమాస్తాల పిల్లలు నన్ను చూచి నవ్విరి. పదునాలుగేండ్లు వచ్చుసరికి నా నాలుకను నేనే కడిగికొంటిని. ఇంట మా తల్లి పిలిచినను పుస్తకపు మాటలతోనే బదులిచ్చెడివాడను. ఆమె నొచ్చుకొనలేదు, కొడుకు చదువుకొనుచున్నాడని సంతోషించినది. ఆ సంతోషమును తలచుకొన్నప్పుడే నాకు ఇప్పుడు బాధ కలుగును.

ఉక్కు ఆందోళన జరిగిన 1966లో నాకు ఏడేండ్లు. నవంబరు 1వ తేదీన నగరమున కాల్పులు జరిగినవి. మా తల్లి తలుపు గడియవేసి మమ్ము మంచము క్రింద కూర్చుండబెట్టినది. విశాఖలో ఉక్కు కర్మాగారము కావలెనని రాష్ట్రమంతట సాగిన ఆ ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసినది. 1992 ఆగస్టు 1వ తేదీన పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసెను. ఈ రెండు తేదీల నడుమ ఇరువది యొక్క యేండ్లు గడచినవి. ఆ కాలముననే ఉత్తరాంధ్రపు పల్లెల నుండి కూలిజనము కుటుంబములతో తరలివచ్చి, మట్టి త్రవ్వి, కడ్డీలు వంచి, కర్మాగారమును నిలిపిరి. వారితోపాటు వారి పలుకును వచ్చినది. ఆ పలుకు నా చిన్ననాటి పలుకే. అయినను నేను దానిని అప్పటికి గుర్తింపని వానివలె ఉంటిని.

పండిత శిక్షణ ముగించుకొని 1983లో నగరపు శివారున ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా చేరితిని. నాకు ఎఱ్ఱసిరా యందు మిక్కిలి ప్రీతి. పిల్లల వ్రాతపుస్తకములు ఇంటికి తెచ్చుకొని, దీపము ముందు కూర్చుండి, తప్పు కనబడిన చోటనెల్ల గీత గీచెడివాడను. గీతలు ఎంత ఎక్కువైన అంత కర్తవ్యము నెరవేర్చినట్లు తలచెడివాడను. గిడుగు రామమూర్తి పంతులును గూర్చిన పాఠము మా తరగతికి ఉండెను. ఆ మహనీయుడు 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాషను వారి నోటనుండి నేర్చి, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడెను. జనులు మాటలాడు తెలుగే పుస్తకములలోనికి రావలెనని జీవితమంతయు వాదించెను. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీ ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవము. ఆ పాఠమును నేను బహు చక్కగా చెప్పెడివాడను. దానిపై ఐదు మార్కుల జవాబును వ్రాయించెడివాడను. ఆ జవాబులో పిల్లవాని ఇంటిమాట ఒక్కటి దొర్లినచో అర మార్కు తగ్గించెడివాడను.

1986లో ఎనిమిదవ తరగతిలో పార్వతీపురము వైపు నుండి వచ్చిన పిల్లవాడొకడు చేరెను. వాని తండ్రి ఉక్కు కర్మాగారపు నిర్మాణములో కడ్డీలు వంచు కూలి. ‘మా ఊరి పండుగ’ అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. తక్కినవారందఱును సంక్రాంతి వచ్చుననియు, ముగ్గులు వేయుదురనియు, పిండివంటలు చేయుదురనియు మార్గదర్శిని చూచి వ్రాసిరి. వాడు మాత్రము తన మేనమామ తప్పెటగుళ్ళకు సిద్ధమగుటను వ్రాసెను. గుండ్రని రేకు తప్పెటను రొమ్మున కట్టుకొనుట, గజ్జెలు బిగించుట, రెండు చేతులతో తప్పెట వాయించుచు వలయముగా చిందులు త్రొక్కుట, బుగత ఇంటిముందు ఆట ముగిసిన తరువాత కంబారి పిల్లలందఱును కలిసి చల్ది త్రాగుట, ఇవన్నియు అందుండెను. ఉండెనని ఇప్పుడు తెలియుచున్నది. అప్పుడు నాకు కనబడినవి తప్పులు మాత్రమే. నలుబది మూడు గీతలు గీచితిని. అంతటితో ఊరకుండక, ఆ వ్యాసమును తరగతిలో గట్టిగా చదివితిని. వాని ఊరి యాసను అనుకరించుచు చదివితిని. నాకు ఆ యాస బాగుగా వచ్చును గదా! తరగతి అంతయు నవ్వెను.

ఆ మధ్యాహ్నమే, విరామ సమయమున, వాడు బల్లపై దరువు వేయుచు ఒక పాట పాడుట నా చెవిని బడినది. ఆ యేడు విడుదలైన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చలనచిత్రములోని పాట అది. వీధులన్నిటను అదియే మ్రోగుచుండెను. వానిని బయట వేపచెట్టు క్రింద బడి విడుచువఱకు నిలుచుండుమంటిని. ఆనాడు ఎండ లేదు, వాన లేదు. వానికి కష్టమేమియు కలుగలేదని నన్ను నేనే సమాధానపఱచుకొంటిని.

వాడు బడి మానలేదు. మఱి రెండేండ్లు నా దగ్గరనే చదివెను. కాని ఆ తరువాత ఏ వ్యాసమునను తన మాట ఒక్కటియు వ్రాయలేదు. మార్గదర్శినిలోని వాక్యములను పొల్లుపోకుండ వల్లించి వ్రాసెడివాడు. మార్కులు బాగుగా వచ్చినవి. పదిమందిలో వానిని మెచ్చుకొన్నది కూడ నేనే.

ఆ బల్లపై దరువు వేసిన పాట ఎవరు కట్టినదో మా డ్రాయింగు మాష్టారు చెప్పువఱకు నాకు తెలియదు. “మన షిప్‌యార్డులో పనిచేసినవాడే నండీ, ఫిట్టరు” అని ఆయన అన్నప్పుడు నేను పెదవి విఱిచితిని.

ఆ ఫిట్టరే వంగపండు ప్రసాదరావు. ఆయన 1943లో పార్వతీపురము దగ్గరి పెదబొండపల్లిలో జన్మించెను. విశాఖలోని ఓడల కార్ఖానాలో పనికి కుదిరెను. ఆ కార్ఖానాకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసెను. 1948 మార్చి 14వ తేదీన అందు తయారైన ‘జల ఉష’ అను ఓడను జవహర్లాల్ నెహ్రూ సముద్రజలమునకు విడిచెను. ఫిట్టరనగా ఏమి చేయువాడో బాలలలో కొందఱకు తెలియకపోవచ్చును. ఇనుప భాగమును కొలిచి, అరగదీసి, దాని సరిజోడు భాగముతో వెంట్రుకవాసి తేడా రాకుండ అమర్చువాడు ఫిట్టరు. ఇందు బలముకంటె ఓర్పు ముఖ్యము. తొందరపడి ఒక్క రాపిడి ఎక్కువ చేసినచో ఆ ముక్క పనికిరాదు. వంగపండు పాటలను విన్నవారు, అందలి మాట తన చోట తాను కూర్చున్న తీరును గమనించినచో, ఆ చేతికి అలవడిన పని ఏదో ఊహింపగలరు. యంత్రము ఎట్లు నడచునో చెప్పుచు ఆయన కట్టిన పాట ఒకటి కార్మికులలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది.

1972లో ఆయన గద్దరు మొదలైన వారితో కలిసి జన నాట్యమండలిని నెలకొల్పెను. ఆ మండలి అనుసరించిన రాజకీయ మార్గము తీవ్రమైనది. ఆయుధము పట్టు త్రోవను నేను అంగీకరింపను, ఆనాడును అంగీకరింపలేదు. అయితే దానినే సాకుగా పెట్టుకొని పాటను వినుటయే మానితిని. పాట ఎవనిని గూర్చి చెప్పుచున్నదో, ఏ భాషలో చెప్పుచున్నదో తెలిసికొనుటకు పార్టీలో చేరనక్కఱలేదు. ఈ మాత్రము తర్కము నాకు అప్పుడు తోచలేదు.

మూడు వందలకు పైగా పాటలు ఆయన వ్రాసెను. వ్రాసెననుటకంటె తిరిగెననుట సరియైన మాట. అచ్చు పుస్తకముల వలన ఆ పాటలు వ్యాపింపలేదు. కాళ్ళ వలన వ్యాపించినవి. పాటల దళము ఒక ఊరికి పోవునప్పుడు వెంట తీసికొనిపోవునది చాల తక్కువ. ఒక డోలక్కు, ఒక డప్పు, రెండు జతల గజ్జెలు, నలుగురైదుగురు వంతపాటగాండ్రు. దొరికినచో బస్సు, దొరకనిచో లారీ, అదియు లేనిచో నడక. ఊరివారు పెట్టినది తిందురు, రచ్చబండ మీదనో బడి వరండాలోనో పరుందురు. వేదిక యుండదు. చుట్టును కూర్చుండిన జనమే వేదికకు అంచు. మైకు లేని చోట గొంతు నూఱడుగుల దూరము చేరవలెను. అందుచేత చరణములు పొట్టివిగా ఉండవలెను, వంత వెంటనే అందవలెను. నాయకుడు ఒక మాట అనును. దళము దానినే తిరిగి అనును. మూడవసారి జనము అనును. నాలుగవ చరణము వచ్చుసరికి పాట దళముది కాదు, ఊరిది. మఱునాడు దళము వెళ్ళిపోవును. పాట మాత్రము నాట్లు వేయు ఆడువారి నోటను, పశువుల కాపరుల నోటను అక్కడనే ఉండిపోవును. కళాసీల పాటకు మా తండ్రి చెప్పిన సూత్రమే ఇది.

ఈ పద్ధతి వంగపండు కొత్తగా కనిపెట్టినది కాదు. ఆ నేల మీద తరతరములుగా ఉన్నదే. జముకుల కథలో ప్రధాన కథకుడు పాడుచుండ, ప్రక్కవాడు జముకును వాయించును. తోలుతో మూసిన అడుగు గల చిన్న వాద్యమది. దాని నడుమనుండి లాగిన తంతిని బిగించుచు వదలుచు మీటినచో మనిషి గొంతువలె మూలుగును, నవ్వును. తూర్పు భాగవతము, బుఱ్ఱకథ, జంగము కథ, అన్నిటిలోను నాయకుడును వంతలును ఉందురు. ఆ దరువులను ఆయన చేపట్టి, ఓడల కార్ఖానాను, కూలిరేటును, వలసను, ఎండిన చేనును వానిలోనికి తెచ్చెను. ఆయన పాటలు పరభాషలలోనికిని వెళ్ళినవి. 2017లో రాష్ట్ర ప్రభుత్వము ఆయనకు కళారత్న పురస్కారమునిచ్చి గౌరవించినది. 2020 ఆగస్టు 4వ తేదీన, మహమ్మారి కాలమున, పార్వతీపురమున ఆయన కన్నుమూసెను. జనము గుమిగూడుట కూడని దినములవి. వేలాది జనము నడుమ బ్రతుకంతయు పాడిన వానికి అట్టి దినములలో వీడ్కోలు జరుగుట నాకు మిక్కిలి కష్టముగా తోచినది. మఱి మూడేండ్లకు, 2023 ఆగస్టు 6వ తేదీన, గద్దరును వెళ్ళిపోయెను.

ఇటీవల మా చిన్న కుమారుడు తన ఫోనులో ఒక ముదుసలి గాయకుని చూపి, “నాన్నగారూ, ఈయనను గూర్చి వినినారా?” అని అడిగెను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, సుపీరియర్ సరస్సు ఒడ్డున, దులూత్ అను రేవుపట్టణము కలదట. గనులనుండి వచ్చు ఇనుపరాయి అక్కడ ఓడలకెక్కును. మన బైలదిల్లా ఇనుపరాయి అరకు లోయగుండ రైలులో వచ్చి విశాఖ రేవున ఓడకెక్కుట లేదా, అట్లే. ఆ దులూత్‌లో 1941 మే 24వ తేదీన పుట్టి, హిబ్బింగ్ అను ఇనుపగనుల ఊర పెరిగిన బాబ్ డిలన్ అను నాతడు తన పాటలను తానే కట్టి తానే పాడును. 2016లో ఆయనకు సాహిత్యమున నోబెల్ బహుమానము లభించెను. పాట కట్టువానికి సాహిత్య బహుమానమేమి అని కొందఱు ఆక్షేపించిరి. అంతకు ఎంతో ముందు, 1965లో, జానపద గాయకుడని పేరొందిన ఈయన న్యూపోర్టు అను చోట విద్యుత్ గిటారు పట్టి రాక్ పద్ధతిని పాడగా శ్రోతలలో కొందఱు గేలిచేసిరి. పండితులు అన్ని దేశములలోను ఉందురు.

1988 జూన్ మొదలుకొని ఆయన ఏటేట ఊళ్ళు తిరుగుచు కచేరీలు చేయుచుండెను. 2020లో మహమ్మారి ఆ పర్యటనను ఆపినది. అప్పటికి ఆయన డెబ్బదితొమ్మిదేండ్లవాడు. ఇంట కూర్చున్నను ఎవరును తప్పుపట్టరు. కాని ఎనుబదియేండ్లు నిండిన తరువాత, 2021 నవంబరులో, కొందఱు కొత్త వాద్యకారులను చేర్చుకొని మిల్వాకీ నగరమునుండి మరల బయలుదేరెను. ఆ పర్యటన అమెరికాను దాటి ఇతర దేశములకును సాగినది. పాత పాటలను ఆయన పాత బాణీలో పాడడట. దళము మారినప్పుడెల్ల పాటయు మారునట. మా కుమారుడు దీనిని ఒక వింతగా చెప్పుచుండ నేను నవ్వితిని. అట్టి రాత్రి నొకదానిని గాజువాక అవతల నేను కన్నులార చూచి యుంటిని.

అది 2008వ సంవత్సరపు శీతకాలము. అప్పటికి నేను ప్రధానోపాధ్యాయుడను. బడికి ఒక గది కట్టించుటకై వాడపెద్దల సహాయము కావలసి వచ్చినది. “ఈ రాత్రి అందఱును పాటకు వత్తురు, అక్కడికే రండు, మాటలాడుకొందము” అని వారు కబురు చేసిరి. గది కొఱకు పోయితిని. పాట కొఱకు కాదు. కార్మికుల వాడలో మైదానమున లారీ ప్రక్కపలకను దించి వేదికగా చేసి యుండిరి. నాకు ముందు వరుసలో కుర్చీ వేసిరి. కుర్చీ ఉన్నది నాకొక్కనికే. అందుచేత లేచిపోవుటకు వీలులేకపోయినది.

వంగపండు అప్పటికి అఱువదియైదేండ్లవాడు. కాళ్ళకు గజ్జెలున్నవి. దళములోని వారందఱును పడుచువారు. కొందఱికి ఇంకను మీసము రాలేదు. ఇట్టి దళములలో మనుష్యులు మారుచునే యుందురు. ఒకనికి ఉద్యోగము వచ్చును, ఒకతెకు పెండ్లి యగును, ఒకడు అలసిపోవును. మిగిలినవాడు పాట కట్టినవాడొక్కడే. ఇరువదియేండ్ల క్రిందటి పాటను, అది పుట్టునప్పటికి పుట్టని పిల్లలకు నేర్పి, వారి ఊపిరికి తగినట్లు తన పాటను సవరించుకొని, మరల ఊళ్ళు తిరుగవలెను. మొదటి పాటలో డోలక్కు పిల్లవాడు రెండు తావుల తడబడెను. పెద్దాయన పాట ఆపలేదు, వానివైపు కోపముగా చూడలేదు. కొంచెముగా వెనుకకు జరిగి వాని దగ్గర నిలిచి గజ్జె కాలితో దరువును కొట్టుచు పాడెను. మూడవ చరణమునకు వాని చేయి దారిలో పడినది. మరల ముందుకు వచ్చెను. ఎవరును గమనింపలేదు. నేను ఉపాధ్యాయుడను గనుక నాకు కనబడినది. తప్పు చేసిన పిల్లవానిని నేను ముందుకు పిలిచి నిలువబెట్టితిని. ఈయన వెనుకకు పోయి వాని ప్రక్క నిలిచెను.

పాట సాగుచుండెను. అందు ‘ఎల్దాం’ వచ్చినది. ‘నేదు’ వచ్చినది. బుగత వచ్చెను, కంబారి వచ్చెను. ఒక్కొక్క మాట వచ్చినప్పుడెల్ల ఎఱ్ఱగీత ఒకటి నా కన్నులయెదుట కదలినది. నా కుర్చీ ప్రక్కన నేలపై కూర్చుండిన ముసలమ్మ ఒకతె, చేతులు ఊపుచు, వంత పాడుచుండెను. ఆమె గొంతు మా తల్లి గొంతును పోలియున్నదని నేను చెప్పను. పోలియుండలేదు. కాని ఆ మాటలను పలుకునప్పుడు పెదవి కదలిన తీరు ఒక్కటే. మా తల్లి చనిపోయి అప్పటికి తొమ్మిదేండ్లు. ఆమె బ్రతికియుండగా ఆమె భాషలో నేను ఆమెతో మాటలాడిన చివరిదినము ఏదో ఎంత తలచుకొన్నను గుర్తు రాలేదు.

పాట ముగిసి జనము లేచుచుండిరి. నా వెనుక ఒక మగగొంతు వినబడినది. “ఒగ్గీయే, గుంట తొంగుండిపోతాది, ఎల్దాం” అని ఎవడో భార్యతో అనుచుండెను. తిరిగి చూచితిని. ముప్పదియైదేండ్ల మనిషి, భుజముపై ఆరేడేండ్ల ఆడపిల్ల. నన్ను చూడగానే పిల్లను దింపి, గావంచా తీసి, చేతులు జోడించెను.

“నమస్కారమండీ గురువుగారూ. తమరు కుశలముగా ఉన్నారా? నేను తమ శిష్యుడను. 1986లో ఎనిమిదవ తరగతి చదివితిని. ప్రస్తుతము ఉక్కు కర్మాగారములో గుత్తేదారు వద్ద క్రేను నడుపుచున్నాను. తమ ఆశీర్వాదము వలన కుటుంబము క్షేమముగా ఉన్నది.”

ఒక్క మాటయందును తప్పు లేదు. గీత గీయుటకు చోటే లేదు. వాని పిల్ల మాత్రము తండ్రి ముఖమును తలయెత్తి వింతగా చూచుచుండెను. ఆ మనిషి ఎవరో కొత్తవాడైనట్లు.

నాకు ఏమనవలెనో తోచలేదు. ముప్పదియేండ్లకు పైగా నా నోట రాని మాటలు, ఎట్లు వచ్చినవో, వచ్చినవి. “ఏటి బాబూ, ఎలాగున్నావు? పిల్లకి పేరేటెట్టినావు?” అంటిని.

వాని ముఖము ముడుచుకొనిపోయినది. వేపచెట్టు క్రింద నిలిచిన నాటి ముఖమది. మొదట నాకు అర్థము కాలేదు, తరువాత అర్థమైనది. నా నోట ఆ యాసను వాడు విన్నది ఒక్కసారియే. తరగతియంతయు నవ్విన దినమున. మరల ఎగతాళి చేయుచున్నానని వాడు అనుకొనెను. తల వంచుకొని, గావంచా అంచును వ్రేళ్ళతో నలుపుచు నిలుచుండెను. వివరించుటకు నా దగ్గర మాట లేకపోయినది. పండితుడనైన నాకు, ఇన్ని మాటలు తెలిసిన నాకు, ఒక్కటియు దొరకలేదు.

“అయ్యా, ఈ తాతకి మన మాటలొచ్చు!” అని ఆ పిల్ల చప్పట్లు కొట్టినది.

“మా యమ్మ మాటలమ్మా ఇవి” అంటిని పిల్లతో. “మాది ఇజీనారం పక్కనే. మా యమ్మ ఇలాగే మాటాడేది.” నా యాస సరిగా పలుకలేదు. ఎండిన నూతిలో చేద దింపినట్లు అక్కడక్కడ తగులుచు వచ్చినది. వాడు తలయెత్తి చూచెను. “తమ తల్లిగారిది ఏ గ్రామమండి?” అని అడిగెను. చెప్పితిని. ఆ ఊరి సంతకు తన తాత పశువులను తోలుకొని పోయెడివాడని చెప్పెను. ఇంకను పుస్తకపు మాటలతోనే చెప్పెను. నేను ఆ సంతను గూర్చి, దాని ప్రక్కనున్న చెఱువును గూర్చి నాకు వచ్చినంతలో చెప్పితిని. తరువాత, “మీ యమ్మ బాగున్నాదా?” అని అడిగితిని.

“మా యమ్మ నేదండి” అనెను.

అని ఆగెను. నా చేతివైపు చూచెను. నా చేతిలో ఏమియు లేదు.

“మా యమ్మా నేదు, బాబూ” అంటిని.

మైదానమున జనము పలుచబడినది. బడిగది సంగతి ఆ రాత్రి ఎవరితోను మాటలాడలేదు; దానికి మరుసటి వారము మరల పోవలసివచ్చినది. దళమువారు గజ్జెలు విప్పి మూటకట్టి, డోలక్కును గోనెలో చుట్టి, లారీ ప్రక్కపలకను పైకెత్తి గొలుసు వేసిరి. పెద్దాయన డ్రైవరు ప్రక్కన కూర్చుండెను. తెల్లవాఱుసరికి వారు మఱియొక ఊర ఉండవలెనట. డోలక్కు పిల్లవాడు లారీ వెనుక కూర్చుండి, తాను తడబడిన ఆ రెండు తావులనే, ఇనుప పలకపై వ్రేళ్ళతో మరల మరల వాయించుకొనుచుండెను.